మాయాలోకాలు – మన పిల్లలు
(ఉగాది సభలో సంఘ కార్యవర్గం తరపున చదివిన ప్రసంగ పాఠం)



పరాభవ నామ సంవత్సరం వచ్చినది. పేరు వినగానే కొంచెం జంకు కలిగినా, అరవై ఏళ్లకొకసారి తప్పక వచ్చే చుట్టం గనుక ఆదరించక తప్పదు. ఇంతకుముందు ఈ చుట్టం వచ్చినది 1966లో. ఆనాడు మన పెద్దలు ఇటువంటి సభలలో కూర్చొని ఏమని విచారపడి ఉంటారో ఊహించడం కష్టం కాదు. కుర్రవాళ్లు సినిమాహాళ్ల చుట్టూ తిరిగి చెడిపోతున్నారు, ఆడపిల్లలు వారపత్రికల సీరియళ్లలో మునిగి పొయ్యిమీది పాలు పొంగబెడుతున్నారు – ఇదే వారి దిగులు. ఆ కుర్రవాళ్లు, ఆ ఆడపిల్లలు ఈనాడు తాతలు, అవ్వలు అయి మన మధ్యనే కూర్చున్నారు. ఎవరూ చెడిపోయినట్లు మాకు కనపడలేదు. అయితే వారికిప్పుడు మరొక దిగులు పట్టుకొన్నది. మనుమడు ఫోను వదలడం లేదు; మనుమరాలు కంప్యూటరు ముందునుంచి లేవడం లేదు; పిలిస్తే పలకరు; పలికినా ఇంగ్లీషులో పలుకుతారు.

గత సంవత్సరంలో మా కార్యవర్గానికి వచ్చిన మొరలలో ఎక్కువ భాగం ఇటువంటివే. అందుచేత ఈ ఉగాదికి సాహిత్యోపన్యాసం మాని, ఈ విషయాన్నే మీ ముందు పెట్టదలచాము.

మొదట ఈ వస్తువు ఏమిటో తెలిసికోవాలి. పెద్దలు దీనిని ఆట అంటున్నారు. ఆట అయితే గెలుపో ఓటమో తేలి ముగుస్తుంది. చదరంగం పెట్టె మూసి అటకమీద పెడతాము. కాని పిల్లలు వెళ్లే ఈ చోటు ముగియదు. మనము నిద్రపోతున్నా అక్కడ ఎవరో ఒకరు మేలుకొని తిరుగుతూనే ఉంటారు. ప్రతివానికి అక్కడ ఒక దేహం ఉంటుంది, ఒక పేరు ఉంటుంది, ఇల్లు ఉంటుంది, స్నేహితులుంటారు, సంత ఉంటుంది, నాణెం కూడా ఉంటుంది. ఇంట్లోనే కూర్చొని వేయిమంది ఒకే వీధిలో కలిసి నడిచే చోటు అది. దానినే వర్చువల్ లోకం అంటున్నారు. మన భాషలో మాయాలోకం అంటే సరిపోతుంది.

అక్కడ మనిషి తొడుక్కొనే దేహానికి ప్రపంచమంతటా వాడే పేరు ‘అవతార్’. ఇది మన అవతారమే. 1980 దశకంలో అమెరికాలో లూకాస్‌ఫిల్మ్ వారు ‘హాబిటాట్’ అనే లోకాన్ని తయారు చేసినప్పుడు తెరమీది బొమ్మకు ఈ మాట వాడారు. 1992లో నీల్ స్టీఫెన్‌సన్ రచించిన ‘స్నో క్రాష్’ నవలవల్ల అది మరింత వ్యాప్తికి వచ్చినది. ‘మెటావర్స్’ అనే మాట పుట్టినది కూడా ఆ నవలలోనే. భూమిమీదికి దిగివచ్చే దేవునికి మనవారు పెట్టిన పేరును, తెరలోనికి దిగే మనిషికి వారు పెట్టారు.

మాట మనదే అయినప్పుడు భావం మనకు కొత్త ఎలా అవుతుంది? మయసభలో నేల అనుకొని నీటిలో కాలు వేసిన దుర్యోధనుని కథ తెలియని తెలుగువాడు లేడు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చూడనివారు ఈ సభలో ఉన్నారని మేము అనుకోము. అందులో ప్రియదర్శిని అనే పేటిక ఉన్నది. మూత తెరచి చూచినవారికి తమకు ఎవరు ప్రియమో వారే కనపడతారు. శశిరేఖకు అభిమన్యుడు కనపడ్డాడు, బలరామునికి దుర్యోధనుడు కనపడ్డాడు. ఆ చిత్రాన్ని తీసినది మదరాసులో. సొంత రాష్ట్రం వేరైన తరువాత, పొరుగు గడ్డమీద ఉండి తెలుగువారు కట్టిన మాయాలోకం అది. అనగా ప్రవాసాంధ్రులకు మాయాలోకాలు కట్టడం తరతరాల అలవాటు.

ఇక చరిత్ర కొంచెం చెప్పుకొందాము. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు విద్యార్థులు ‘మడ్’ అనే లోకాన్ని మొదలుపెట్టారు. అందులో బొమ్మ ఒక్కటి కూడా లేదు. అంతా అక్షరాలే. గదిని వర్ణిస్తూ నాలుగు వాక్యాలు తెరమీద వస్తాయి. ఉత్తరానికి వెళ్లాలంటే ఆ మాట టైపు చేయాలి. అయినా ఒకే సమయంలో పలువురు అందులో ప్రవేశించి కలిసి తిరిగారు. తరువాత 2003లో ‘సెకండ్ లైఫ్’ వచ్చినది. అందులో వాడే లిండెన్ డాలర్లను నిజమైన డాలర్లుగా మార్చుకోవచ్చును. 2004లో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ వచ్చినది. 2010నాటికి చందాదారులు 1 కోటి 20 లక్షలకు చేరారు. 2006లో ‘రోబ్లాక్స్’, 2011లో పూర్తి రూపంలో ‘మైన్‌క్రాఫ్ట్’ వచ్చినవి. మైన్‌క్రాఫ్ట్ 30 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయినట్లు 2023 అక్టోబరులో ప్రకటించారు.

ఇక్కడ ఒక విశేషం గమనింపదగి ఉన్నది. 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ కంపెనీ తన పేరునే మెటా అని మార్చుకొన్నది. కళ్లకు పెట్టె తగిలించుకొని జనమంతా మాయాలోకంలోనే ఉద్యోగాలు చేస్తారని, పెళ్లిళ్లకు పోతారని ఆ కంపెనీ ఆశించినది. ఆ పనికి పెట్టుకొన్న విభాగం 2023 ఒక్క సంవత్సరంలోనే 1,600 కోట్ల డాలర్లకు పైగా నష్టం చూపినది. ఇంత ఖర్చు పెట్టి పిలిచినా జనం ఆశించినంతగా పోలేదు. అదే కాలంలో పిల్లలు మాత్రం ఇటుకపెళ్లల వంటి మొరటు బొమ్మలతో ఉండే మైన్‌క్రాఫ్ట్‌కు తండోపతండాలుగా పోయారు. ఇందుకు కారణమేమి?

మాకు తోచిన సమాధానం ఇది. ఆకర్షణ బొమ్మలో లేదు. బొమ్మ నిజంగా ఉండడమే కారణమైతే, అక్షరాలు మాత్రమే ఉన్న 1978నాటి లోకంలోనికి ఒక్కడూ పోయి ఉండేవాడు కాదు. అక్కడ తోడు దొరుకుతున్నది. చేయడానికి పని దొరుకుతున్నది. చేసిన పనిని చూచి మెచ్చేవారు దొరుకుతున్నారు. ఈ మూడూ ఎక్కడ దొరికినా మనిషి అక్కడికే పోతాడు.

దీనికి ఒక ఉదాహరణ మనవి చేస్తాము. నార్వే దేశంలో మాట్స్ స్టీన్ అనే యువకుడు ఉండేవాడు. పుట్టుకతోనే వచ్చిన కండరాల క్షీణత జబ్బు అతనిది. ఏటేటా శరీరం చచ్చుబడి, చక్రాల కుర్చీకే పరిమితమై, 2014 నవంబరులో ఇరవై అయిదేళ్ల వయస్సులో మరణించాడు. చివరి పదేళ్లలో అతడు వేలాది గంటలు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో గడిపాడు. మా బిడ్డ స్నేహమంటే ఏమిటో, ఒకరికి ఉపయోగపడడమంటే ఏమిటో తెలియకుండానే పోయాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు. అతని బ్లాగులో మరణవార్త తెలిపి, తమ ఈమెయిలు చిరునామా ఇచ్చారు. ఇక ఉత్తరాలు రావడం మొదలైనది. ఆ లోకంలో అతని పేరు ఇబెలిన్. కష్టంలో ఉన్నవారిని ఊరడించినవాడు, ఎడబాటుగా ఉన్న తల్లిని బిడ్డను దగ్గర చేసినవాడు, ఎందరికో ఆప్తుడు. ఎన్నడూ ముఖం చూడని మిత్రులు కొందరు ఇతర దేశాలనుంచి అంత్యక్రియలకు వచ్చారు. అతని జీవితంపై తీసిన చిత్రం 2024లో విడుదలై పలు దేశాలలో జనం చూచారు.

నడవలేని బిడ్డ అక్కడ పరుగెత్తాడు. అతని కుర్చీ అక్కడ ఎవరికీ కనపడలేదు. అందుచేత జాలి అడ్డు రాక, స్నేహం నేరుగా వచ్చినది. ఈ లోకాలలో పనికిమాలినతనం తప్ప మరేమీ లేదనే మాటను, ఈ కథ విన్న తరువాత మేము అనలేము.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాము. మన సంఘం వేడుకకు వచ్చిన పిల్లవానిని మనము మొదట ఏమని అడుగుతాము? ‘ఏ క్లాసు? ఎన్ని మార్కులు?’ తరువాత, ‘మీది ఏ ఊరు? మీ ఇంటిపేరేమి?’ ఆ తరువాత, ‘తెలుగు చదవను వచ్చునా? రాదా? అయ్యో!’ ఇన్ని పరీక్షలు రాసి ఆ పిల్లవాడు వెనుక గోడ దగ్గర చేరి ఫోను తీస్తాడు. ఫోనులోని లోకంలో ఈ ప్రశ్నలు అడిగేవారు లేరు. ‘వంతెన కడుతున్నాము, రాళ్లు మోయడానికి వస్తావా?’ అని మాత్రం అడుగుతారు. ఇద్దరిలో ఎవరి దగ్గరికి పోవాలని వానికి తోచుతుంది? బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడం, ఇంట్లో తప్పులు దిద్దించుకొనే తెలుగు – మూడు చోట్లా సగం సగం మనిషిగా ఉండే పిల్లవాడు, నిండుగా ఉండగలిగే నాలుగో చోటు వెతుక్కొంటే వింత లేదు.

గత వేసవిలో జరిగినది చెబుతాము. మన సభ్యులలో ఒకరి కుమారుడు తొమ్మిదో తరగతి పిల్లవాడు. రాత్రి రెండు గంటలదాకా మైన్‌క్రాఫ్ట్‌లో ఉంటున్నాడని తండ్రి కంప్యూటరు లాక్కొని బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లవాడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. తండ్రితో మాట మానివేశాడు. మూడవనాడు మాలో ఇద్దరము ఆ ఇంటికి వెళ్లాము. నీతులు చెప్పడానికే వెళ్లామని ఒప్పుకొంటున్నాము. కాని ఆ ఇంట్లోని అవ్వ మాకంటె తెలివైనది. ‘ఎంతసేపూ దాంట్లో ఏమి చేస్తాడో మీరెవరన్నా చూసినారా?’ అని అడిగినది. ఎవరమూ చూడలేదు.

కంప్యూటరు తెచ్చి పెట్టారు. పిల్లవాడు బెట్టు చేసి, చివరకు తెరచి చూపించాడు. అందులో ఒక ఇల్లు కట్టి ఉన్నాడు. మదనపల్లె వైపు ఉన్న తమ పల్లెలోని పాత మిద్దె అది. వాడు పుట్టకముందే అమ్మివేశారు. ఒక ఫోటో, అవ్వ చెప్పే కబుర్లు – ఇంతే ఆధారం. అవ్వ ముక్కుమీదికి కళ్లజోడు జరుపుకొని చాలాసేపు చూచినది. ‘ఏమి అబ్బీ, మిద్దెకు గవాచి పెట్టకపోతే ఇంట్లోకి వెలుతురు యాడనుంచి వస్తుంది?’ అన్నది. గవాచి అంటే ఏమిటో వానికి తెలియదు. మిద్దె కప్పులో వెలుతురుకోసం వదిలే కంత అని ఆమె వివరించినది. వాడు కప్పులో ఒక పెళ్ల తీసివేశాడు. వెంటనే ఎండ ఇంట్లో పడినది. తరువాత బావి ఎక్కడ, గాదె ఎక్కడ, దూడను కట్టే గుంజ ఎక్కడ అని వాడే అడగసాగాడు. రెండు గంటలు గడచినవి. వాడు అడిగినదంతా తెలుగులోనే అడిగాడు. మేము చెప్పదలచుకొన్న నీతులు చెప్పకుండానే తిరిగి వచ్చాము.

ఇంతటితో అంతా సుఖాంతమని చెప్పము. ఆ పిల్లవాడు రాత్రి మేలుకొనడం పూర్తిగా మానలేదు. తండ్రికి కోపం కూడా పూర్తిగా పోలేదు. కాని మాటలు మళ్లీ మొదలైనవి. అదే పెద్ద లాభమని మేము భావిస్తున్నాము.

అట్లని రెండవ వైపు చూడకుండా కళ్లు మూసుకోరాదు. మరొక సభ్యుని ఇంట్లో పదేళ్ల పిల్లవాడు తండ్రి బ్యాంకు కార్డుతో, నాలుగు నెలలలో, బొమ్మ చొక్కాలకు బొమ్మ కత్తులకు ముప్ఫై ఏడు వేల రూపాయలు ఖర్చు పెట్టాడు. వానికి అది డబ్బు అని తోచనే లేదు. తప్పు పిల్లవానిదే అని తేల్చివేయడం న్యాయం కాదు. ఫోర్ట్‌నైట్ ఆట తయారుచేసే ఎపిక్ గేమ్స్ కంపెనీ 2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 52 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పందానికి వచ్చినది. అందులో 27.5 కోట్లు పిల్లల సొంత వివరాల విషయంలో చట్టం అతిక్రమించారన్న ఆరోపణకు, 24.5 కోట్లు, తెలిసీ తెలియక మీటలు నొక్కించి కొనిపించారన్న ఆరోపణపై కొన్నవారికి తిరిగి ఇచ్చేందుకు. రోజూ రాకపోతే బహుమతి పోతుందనే బెదిరింపు, ఇంకొక్క మెట్టు ఎక్కితే చాలుననే ఆశ – ఇవి అనుకోకుండా వచ్చినవి కావు. నేర్పరులు జీతాలు తీసికొని కుదిర్చి పెట్టినవి. పదేళ్లవాడు ఒంటరిగా వారితో తలపడజాలడు.

జబ్బు అనదగిన స్థితి కూడా ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో గేమింగ్ డిజార్డర్‌ను చేర్చడానికి 2019లో ఆమోదం లభించినది. 2022 జనవరి 1 నుంచి ఆ పట్టిక అమలులోనికి వచ్చినది. దానికి గుర్తులు మూడు. ఆటను అదుపులో పెట్టుకోలేకపోవడం. తిండి, చదువు, బంధువులు అన్నిటికంటె దానికే పెద్దపీట వేయడం. నష్టం కనపడుతున్నా మానలేకపోవడం. సాధారణంగా ఏడాదిపాటు ఇట్లా సాగితేనే జబ్బు అంటారు. కనుక వేసవి సెలవులలో నాలుగు రోజులు ఎక్కువ ఆడినంతమాత్రాన పిల్లవానికి జబ్బు అంటగట్టరాదు. నిజంగా హద్దు దాటిందని తోస్తే, మన బెంగుళూరులోని నిమ్హాన్స్‌లో ఇందుకోసమే 2014లో ‘షట్’ అనే క్లినిక్‌ను ప్రారంభించారు. అక్కడికి పోవడం పరువు తక్కువ కాదు. పంటి నొప్పికి పోయినట్లే పోవచ్చును.

నిషేధిస్తే పోదా అని కొందరు అడుగుతున్నారు. చైనాలో 2021లో, పద్దెనిమిదేళ్లలోపు వారు శుక్ర, శని, ఆదివారాలలోనూ సెలవురోజులలోనూ రాత్రి ఎనిమిదినుంచి తొమ్మిదివరకే ఆన్‌లైన్ ఆటలు ఆడాలని నిబంధన పెట్టారు. మన దేశంలో 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించినది. డబ్బు ఒడ్డని ఆటలను నిషేధించలేదు. ఈ విభజన సరియైనదని మా అభిప్రాయం. జూదం వేరు, ఇల్లు కట్టడం వేరు. చట్టం పని చట్టం చేస్తుంది. మన గుమ్మం లోపల చేయవలసిన పని మనదే.

ఆ పనిని గురించి నాలుగు మాటలు. ఒకటి: కంప్యూటరు, ఫోను నడిమింట్లో ఉండాలి, రాత్రి పడకగదిలోనికి పోరాదు. ఈ నియమం తండ్రికి కూడా వర్తించాలి. తాను పడకలో ఫోను చూస్తూ కొడుకును కసిరితే వాడు వినడు. రెండు: వారానికి అరగంట పిల్లవాని పక్కన కూర్చొని ఆ లోకం చూడాలి. అక్కడి వాని స్నేహితుల పేర్లు, వీధిలోని స్నేహితుల పేర్లవలెనే, మనకు తెలిసి ఉండాలి. పేరు చెప్పడానికి జంకే స్నేహితుడుంటే అప్పుడు జాగ్రత్తపడాలి. మూడు: బ్యాంకు కార్డు ఆ పరికరంలో ఉంచరాదు. నాలుగు: ‘తీసి అవతల పెట్టు’ అనే ముందు ‘ఇవతల’ ఏమున్నదో చూచుకోవాలి. తోడు, పని, మెప్పు – ఈ మూడింటిలో మన ఇల్లు, మన సంఘం వానికి ఏవి ఇస్తున్నవి?

ఈ నాలుగో మాట మాకే తగులుతుందని మాకు తెలుసు. ఇన్నేళ్లుగా మా ఉత్సవాలలో పిల్లల పాత్ర ప్రార్థన పాడడం, బహుమతి తీసికొనడం, ఫోటోకు నిలబడడం. పని ఏదీ వారి చేతికి ఇవ్వలేదు. కనుక ఈ సంవత్సరం ఒక ఏర్పాటు చేస్తున్నాము. వచ్చే వేసవిలో, ప్రతి ఆదివారం సాయంత్రం, సంఘం హాలులో పిల్లలు తమ కంప్యూటర్లు తెచ్చుకొంటారు. పెద్దలు తమ జ్ఞాపకాలు తెచ్చుకొంటారు. మన తాతలు వదిలివచ్చిన పల్లెలను – ఆ బావులను, రచ్చబండలను, మిద్దెలను – పిల్లలు ఆ మాయాలోకంలో కడతారు. ఏ మూల ఏమి ఉండేదో పెద్దలు చెబుతారు. చెప్పకపోతే కట్టలేరు, అడగకపోతే చెప్పలేరు. ఇద్దరికీ భాష కావాలి. ఈ పనిలో మార్కులు అడిగినవారికి కాఫీ ఇవ్వబడదు.

పొరుగునున్న కృష్ణగిరి జిల్లాలో 2022 ఫిబ్రవరిలో ఒక జంట పల్లెలో పెళ్లి చేసికొని, విందును మెటావర్స్‌లో జరిపారు. అంతకుముందే చనిపోయిన పెండ్లికూతురి తండ్రి, బొమ్మరూపంలో వచ్చి అక్కడ నిలబడినట్లు ఏర్పాటు చేసికొన్నారు. కొందరు విని నవ్వారు. మాకు నవ్వు రాలేదు. పోయినవారిని ఒకసారి చూడాలనే కోరిక పాతదే. ప్రియదర్శిని మూత తెరచేది అందుకే కదా. కాని ఆనాడు కూడా తాళి కట్టినది పల్లెలోనే, మనుషుల మధ్యనే. ఏది ఎక్కడ జరగాలో ఆ పిల్లలకు బాగానే తెలుసు. మన పిల్లలకు కూడా తెలుస్తుందనే నమ్మకం మాకున్నది. అయితే ఇక్కడ వారికి కూర్చోడానికి చోటు ఉండాలి.

హాలు వాకిలి పక్కన బల్లమీద కంప్యూటరు పెట్టి ఉన్నది. ఇందాక చెప్పిన మిద్దెను ఆ పిల్లవాడు తెచ్చాడు. పచ్చడి తీసికొని వెళ్లేటప్పుడు అందరూ ఒక నిమిషం ఆగి చూడవలెనని కోరుతున్నాము. దూడను కట్టే గుంజ సరియైన చోట ఉన్నదో లేదో తెలిసినవారెవరైనా ఉంటే చెప్పండి, వాడు దిద్దుకొంటాడు.